‘లాజిక్ వెతకొద్దు’ అని రాయకండి: తెలుగు సినిమా సమీక్షకులకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోని తెలుగు సినిమా సమీక్షకులకు,

నమస్కారం.

సైన్స్ ఫిక్షన్ యాక్షన్ సినిమా విడుదలైన ప్రతిసారీ మీ సమీక్షల్లో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: ‘లాజిక్కులు వెతక్కుండా చూస్తే ఎంజాయ్ చేయొచ్చు.’ పత్రికల్లో రాసేవాళ్ళు రాస్తారు, వెబ్‌సైట్లకు రాసేవాళ్ళు రాస్తారు, శుక్రవారం పొద్దున్నే ప్రసాద్స్ మల్టీప్లెక్స్ ముందు మైకు పట్టుకుని నిలబడేవాళ్ళూ అదే అంటారు. ఆ వాక్యం ఇక రాయొద్దని, దాని బదులు మాకు పనికొచ్చే నాలుగు ముక్కలు రాయమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. కొత్త సైన్స్ ఫిక్షన్ సినిమా వస్తోందంటే ఆ వారమంతా పిల్లలు నన్ను అడిగేది ఒకటే: ‘మేడమ్, చూడొచ్చా?’ పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చినప్పుడు వాళ్ళ అమ్మానాన్నలూ అడుగుతారు, ఎందుకంటే టికెట్ డబ్బులు పెట్టేది వాళ్ళు. తెలంగాణలో మల్టీప్లెక్స్ మామూలు టికెట్ గరిష్ఠ ధర 250 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 295. నలుగురున్న ఇంటికి 1,180. ఇందులో ఆన్‌లైన్ బుకింగ్ ఛార్జీ లేదు, పాప్‌కార్న్ లేదు, త్రీడీ కళ్ళద్దాల డబ్బులు లేవు. 2024 జూన్‌లో ‘కల్కి 2898 ఏడీ’ వచ్చినప్పుడైతే మల్టీప్లెక్సుల్లో టికెట్‌కి మరో 100 పెంచుకోవడానికి ప్రభుత్వం అనుమతిచ్చింది. మలక్‌పేటలోనో సైదాబాద్‌లోనో చిన్న ఉద్యోగం చేసుకునే తండ్రికి ఇది ఒకటికి రెండుసార్లు ఆలోచించి పెట్టే ఖర్చు. అతను మీ సమీక్ష తెరుస్తాడు. రెండు ముప్పావు రేటింగ్ కనిపిస్తుంది. ‘ఫస్టాఫ్ ల్యాగ్, సెకండాఫ్ ఓకే, వీఎఫ్‌ఎక్స్ హైలైట్, లాజిక్కులు వెతకొద్దు’ అని ఉంటుంది. పిల్లల్ని తీసుకెళ్ళాలా వద్దా అన్నది మాత్రం చదవకముందు ఎంత తెలుసో చదివాక కూడా అంతే తెలుసు.

మీరు ఆ వాక్యం ఎందుకు రాస్తారో నాకు తెలుసు. టైమ్ మెషీన్ ఎలా పనిచేసింది, అంతరిక్షంలో పేలుడు శబ్దం ఎలా వినిపించింది అని ఎవరైనా నిలదీస్తారేమోనని సినిమా తరఫున ముందే సర్దిచెబుతారు. ఆ ప్రశ్నలు నేనూ అడగను. గాలి లేని చోట శబ్దం ప్రయాణించదని ఏటా పాఠం చెప్పేది నేనే, అయినా అంతరిక్ష యుద్ధంలో బాంబు మోత వినిపిస్తే నాకేమీ అభ్యంతరం లేదు. సినిమాకి ఒక పెద్ద అబద్ధం ఆడే హక్కు ప్రేక్షకులు ఎప్పుడో ఇచ్చేశారు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు ‘ఆదిత్య 369’ తీస్తే టైమ్ మెషీన్ అనే వస్తువునే ఎప్పుడూ చూడని జనం కూడా దాన్ని హాయిగా ఒప్పుకున్నారు. వెనక్కి 1526కి, కృష్ణదేవరాయల కాలానికి వెళ్ళారంటే వెళ్ళారు. ముందుకు 2504కి వెళ్ళారంటే వెళ్ళారు. 2025 ఏప్రిల్‌లో 4కేలో మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పుడు ఈ తరం పిల్లలు కూడా ఆ యంత్రం ఏ సూత్రం మీద నడుస్తుందని అడగలేదు.

వాళ్ళు క్షమించనిది వేరే ఉంది. సినిమా తన నియమాన్ని తనే తప్పడం. ఈ కవచాన్ని ఏదీ ఛేదించలేదని మొదటి అరగంటలో చెప్పి, క్లైమాక్స్‌లో హీరోకి కోపం వచ్చింది కాబట్టి పిడికిలితో పగిలిపోయిందంటే, ఆ నిమిషం నుంచి తెర మీద ఎవరు గెలిచినా ఎవరు ఓడినా మాకు పట్టదు. కబడ్డీలో కూత తెగకుండా తిరిగి రావాలన్న నియమం ఉండబట్టే అవతలి కోర్టులోకి వెళ్ళినవాడి కోసం మనం ఊపిరి బిగబడతాం. మధ్యలో ఊపిరి పీల్చుకున్నా ఫరవాలేదని రెఫరీ అంటే ఆ ఆట ఎవరు చూస్తారు? సైన్స్ ఫిక్షన్ యాక్షన్ సినిమాలో సైన్స్ చేసేది ఆ కూత పనే. వేరే రకం యాక్షన్ సినిమాలో హీరో పదిమందిని కొడితే అతని బలం, అతని పేరు, ఆ పాట, ఆ ఎలివేషన్ సరిపోతాయి. ఇక్కడ సరిపోవు. ఇక్కడ ఏది సాధ్యం, ఏది అసాధ్యం అన్నది ముందు తెలియాలి. తెలిస్తేనే టెన్షన్ పుడుతుంది.

దీనికి నేను క్లాసులో చెప్పే ఉదాహరణ ‘టెర్మినేటర్ 2’. ‘ఆదిత్య 369’ ఇక్కడ విడుదలైన 1991 జూలైలోనే అది అమెరికాలో విడుదలైంది. అందులో విలన్ ద్రవలోహంతో చేసిన యంత్రం. ఎవరినైనా ముట్టుకుంటే వాళ్ళ రూపంలోకి మారిపోగలడు. ఇంత శక్తి ఉన్నవాడిని చూస్తే మామూలుగా ఆసక్తి పోవాలి, ఎందుకంటే ఏదైనా చేయగలిగినవాడితో పోరాటం ఏముంటుంది? దర్శకుడు జేమ్స్ కామెరాన్ మొదటి ఛేజ్ అయిన కాసేపటికే దీన్ని సరిచేశాడు. విలన్ చంపాలని వెతుకుతున్న కుర్రాడు అడుగుతాడు, అతన్ని కాపాడటానికి వచ్చిన రోబో జవాబు చెబుతుంది. విలన్ తన సైజులో ఉన్న వాటిగానే మారగలడు, చిన్న వస్తువుగా మారలేడు. తుపాకీగానో బాంబుగానో మారలేడు, వాటిలో రసాయనాలు, కదిలే భాగాలు ఉంటాయి కాబట్టి. కత్తుల్లాంటి గట్టి ఆకారాలు మాత్రం తన ఒంటిలోంచే తయారుచేసుకోగలడు. అంతే, నిమిషం కూడా పట్టని సంభాషణ.

ఆ తర్వాతి యాక్షన్ అంతా ఆ నిమిషం మీదే నిలబడింది. అతని చేయి కొద్దిగా సాగితే చాలు, ఏమి రాబోతోందో హాల్లో ఉన్న చిన్నపిల్లాడికి కూడా తెలుసు. చివర్లో తల్లి రూపం కనిపించినప్పుడు ఈమె నిజమైన తల్లేనా అని కుర్రాడి కంటే ముందు మనం అనుమానిస్తాం. ద్రవ నైట్రోజన్ ట్యాంకర్ బోల్తాపడ్డ సీన్ చూడండి. నైట్రోజన్ మరిగేది మైనస్ 196 డిగ్రీల దగ్గర. ఆ చలికి ద్రవలోహం గడ్డకట్టి, పెళుసెక్కి, ముక్కలవుతుంది. పక్కనే ఉక్కు కరిగించే కార్ఖానా. ఆ వేడికి ముక్కలు కరిగి మళ్ళీ ఒక్కటవుతాయి. నిజంగా అంత పెద్ద లోహపు శరీరం అన్ని క్షణాల్లో గడ్డకట్టదు, ఆ సంగతి పిల్లలకు చెబుతాను. కానీ చలికి గట్టిపడేది వేడికి కరుగుతుందన్న మాట మీద సినిమా నిలబడింది, తనకు పనికొచ్చినంత సేపే దాన్ని వాడుకుని వదిలేయలేదు. ఆ సినిమాలో కంప్యూటర్ గ్రాఫిక్స్ ఉన్నది కొద్ది నిమిషాలే. ఇన్నేళ్ళ తర్వాత కూడా పిల్లలు కన్నార్పకుండా చూస్తున్నారంటే కారణం గ్రాఫిక్స్ ఒక్కటే కాదు.

ఇలాంటి సినిమాకి ‘లాజిక్ వెతకొద్దు’ అని రాస్తే చూసేవాళ్ళకి అందులోని అసలు రుచి తెలియకుండా పోతుంది. లాజిక్ లేని సినిమాకి అదే రాస్తే దాని తప్పు కప్పిపుచ్చినట్టవుతుంది. రెండు విధాలా నష్టం మాకే.

చావు లేని హీరో కూడా ఈ సినిమాల్లో తరచూ ఎదురయ్యే చిక్కు. 2014లో వచ్చిన టామ్ క్రూజ్ సినిమా ‘ఎడ్జ్ ఆఫ్ టుమారో’లో హీరో చచ్చిపోయిన ప్రతిసారీ అదే రోజు మళ్ళీ మొదలవుతుంది. భయం ఎక్కడినుంచి వస్తుంది? చాలా ఏళ్ళ నాటి సినిమా కాబట్టి చెప్పేస్తున్నాను: చివరి పోరాటానికి ముందు అతనికి రక్తం ఎక్కిస్తారు, దాంతో ఆ శక్తి పోతుంది. అప్పటిదాకా లెక్కలేనన్నిసార్లు చచ్చినవాడికి ఇక ఒక్క ప్రాణమే మిగులుతుంది. ‘కల్కి’లో నాగ్ అశ్విన్ గారు ఇంకో దారి పట్టారు. అమితాబ్ వేసిన అశ్వత్థామకి చావు లేదు, అది భారతం చెప్పిన నియమం, మార్చడానికి లేదు. కాబట్టి అతని చేతికి ఒక గర్భిణి ప్రాణాన్ని అప్పగించారు. అటువైపు ప్రభాస్ వేసిన భైరవకి ఒక లెక్క ఉంది: కాశీ మీద తేలే ‘కాంప్లెక్స్’ అనే కట్టడంలోకి వెళ్ళాలంటే పది లక్షల యూనిట్లు (ఆ లోకపు డబ్బు) కావాలి. ఆ గర్భిణిని పట్టిస్తే అతనికి ఆ తలుపు తెరుచుకుంటుంది. వాళ్ళిద్దరూ తలపడినప్పుడు ఒక నియమం ఇంకో నియమాన్ని ఢీకొంటుంది. ఆ ఫైటు నిడివి కొంచెం తగ్గిస్తే బాగుండేదని నాకూ అనిపించింది, కానీ అది ఉత్త చేతులూ కాళ్ళూ ఆడించడం కాదు. మొదటి గంటలో నాకు ఓపిక తగ్గింది కూడా అందుకే. యూనిట్ల లెక్క పక్కకు పోయి అతిథి పాత్రలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి వెళ్తుంటే కథ ముందుకు కదలక ఆగిపోయింది. మీరు ‘ఫస్టాఫ్ ల్యాగ్’ అని రాసి వదిలేశారు. ఎందుకు ల్యాగో రాసి ఉంటే చదివే తండ్రికి అది తన పిల్లలకు ఇబ్బందో కాదో తెలిసేది. (మొత్తంగా అడిగితే ‘కల్కి’ థియేటర్లో చూడవలసిన సినిమా అనే నేను పిల్లలకు చెప్పాను.)

ఇక గ్రాఫిక్స్. ‘వీఎఫ్‌ఎక్స్ తేలిపోయాయి’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. తేలిపోయింది ఏమిటో ఒక్కసారి ఆగి చూడమని నా మనవి. చాలాసార్లు బొమ్మ బాగానే ఉంటుంది, లేనిది బరువు. తొమ్మిదో తరగతి పాఠమే ఇది: పైనుంచి వదిలిన వస్తువు మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు పడుతుంది, రెండు సెకన్లకు 20 మీటర్లు, మూడు సెకన్లకు 45 మీటర్లు. ఆరేడు అంతస్తుల మేడ ఎత్తు 20 మీటర్లు ఉంటుందనుకుందాం. దాని మీద నుంచి దూకిన రోబో నేలకు చేరడానికి రెండు సెకన్లు పట్టాలి. తెర మీద అర సెకనులో దిగిపోయిందనుకోండి. అర సెకనులో ఏ వస్తువైనా పడేది మీటరుంబావు మాత్రమే. అంటే చూసేవాడి కంటికి అది మేడ ఎత్తు నుంచి దూకిన రోబో కాదు, బల్ల మీద నుంచి జారిపడిన ఆటబొమ్మ. ఆ లెక్క అతనికి తెలియక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి పడే వస్తువుల్ని చూస్తూ పెరిగిన కన్ను అది, దాన్ని మోసం చేయడం కష్టం.

పాతకాలం సినిమావాళ్ళకు ఇది బాగా తెలుసు. కంప్యూటర్లు రాకముందు ఓడలు, భవనాలు చిన్న నమూనాలు చేసి తీసేవాళ్ళు. అసలు సైజులో నాలుగో వంతు నమూనా అయితే కెమెరాని రెట్టింపు వేగంతో, అంటే సెకనుకు 48 ఫ్రేములతో నడపాలి. పదహారో వంతు అయితే నాలుగింతల వేగంతో, 96 ఫ్రేములతో. తర్వాత దాన్ని మామూలు 24 ఫ్రేముల వేగంతో వేస్తే పడటం నెమ్మదించి, చిన్నది పెద్దదిగా నమ్మిస్తుంది. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ దగ్గర కూర్చున్న పిల్లవాడు చేతితో చేయాలి. ‘కల్కి’లో భైరవ నడిపే బుజ్జి కారు నేల మీద పరుగెత్తే షాట్లలో నాకు ఆ బరువు కనిపించింది. ఆ వాహనాన్ని మహీంద్రా, కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్ వాళ్ళ సాయంతో నిజంగానే నడిచేలా కట్టించారు, సినిమా రాకముందు మే నెలలో రామోజీ ఫిల్మ్ సిటీలో జనం ముందుకు తెచ్చారు కూడా.

ఈ విషయం మీద నేను ఇంత సేపు ఉండటానికి ఇంకో కారణం ఉంది. ఈ పని జరిగే ఊరు మనదే. నా దగ్గర చదువుకున్న పిల్లలు కొందరు ఇప్పుడు వీఎఫ్‌ఎక్స్ కంపెనీల్లో పనిచేస్తున్నారు. విడుదల తేదీ ముందే ప్రకటించేస్తారు, షాట్లు మాత్రం చివరి వారం దాకా మారుతూనే ఉంటాయి, రాత్రిళ్ళు ఆఫీసులోనే. అలాంటివాళ్ళు మీ సమీక్ష తెరిచి ‘గ్రాఫిక్స్ చీప్‌గా ఉన్నాయి’ అన్న ఒక్క మాట చదువుతారు. ఏ షాటు? ఏమి లోపం? అది రాస్తే వాళ్ళు తర్వాతి సినిమాకి నేర్చుకుంటారు. మెచ్చుకునేటప్పుడు కూడా అంతే. ‘హాలీవుడ్ రేంజ్’ అంటే నేర్చుకోవడానికి అందులో ఏముంది?

డబ్బింగ్ గురించి మీరు దాదాపు రాయనే రాయరు. ఇంగ్లీషు సినిమాని మీలో చాలామంది ఇంగ్లీషులో చూసి సమీక్ష రాస్తారు. మా బడి పిల్లలూ వాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళూ చూసేది తెలుగులో. ఈ మధ్య ఒక సినిమాలో విలన్ యంత్రం ఎందుకు ఆగిపోతుందో చెప్పే కీలకమైన వాక్యం వచ్చే చోట తెలుగులో ఒక పంచ్ డైలాగ్ పెట్టారు. హాలంతా నవ్వింది. ఇరవై నిమిషాల తర్వాత ఆ యంత్రం ఆగిపోతే ఎందుకు ఆగిందో ఎవరికీ అర్థం కాలేదు. బయటికొచ్చినవాళ్ళు ‘కథలో లాజిక్ లేదు’ అన్నారు. లాజిక్ ఉంది, దాన్ని డబ్బింగ్ థియేటర్లో కోసేశారు. తెలుగు డబ్బింగ్ నియమాన్ని తెలుగులో చెప్పిందా లేదా అన్నది మీ సమీక్షలో ఒక్క వాక్యం చాలు. దాన్ని చూసి డబ్బింగ్ రాసేవాళ్ళు కూడా జాగ్రత్త పడతారు.

త్రీడీ సంగతి కూడా ఒక మాట రాయండి. కళ్ళద్దాలు పెట్టుకుంటే తెర వెలుతురు సగానికి పైగా తగ్గిపోతుంది. రాత్రి యుద్ధాలు ఎక్కువున్న సినిమా అయితే డబ్బులు ఎక్కువ పెట్టి చీకటి చూసి రావడమే. టూడీలో చూస్తే చాలా, ప్రసాద్స్‌లాంటి పెద్ద తెర అవసరమా, మా వీధి చివరి సింగిల్ స్క్రీన్ సరిపోతుందా అన్నది చూసినవాళ్ళుగా మీకు తెలుసు. పిల్లల విషయంలో సెన్సార్ బోర్డు ఇప్పుడు యూఏ (పెద్దల సలహాతో పిల్లలు చూడదగ్గ) సర్టిఫికెట్‌ని 7, 13, 16 ఏళ్ళు దాటినవాళ్ళకని మూడుగా విడగొట్టింది. ఆ అంకె మీ సమీక్షలో నిడివి పక్కనే ఉండాలి.

‘జనం వినోదం కోసం వస్తారు మేడమ్, ఇంత ఎవరు పట్టించుకుంటారు’ అని మీరు అనవచ్చు. మా తరగతిలో లెక్కల్లో వెనకబడిన పిల్లలు కూడా సినిమా చూసి వచ్చిన సోమవారం నాతో వాదిస్తారు. ‘మొదట అలా చెప్పాడు కదా మేడమ్, మరి చివర్లో ఇలా ఎలా?’ ఈ ప్రశ్న వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. ఒక సిద్ధాంతాన్ని ఫలితంతో పోల్చి చూడటం సైన్సులో మొదటి మెట్టు, దాన్ని వాళ్ళు ఇంటర్వెల్‌లో సమోసా తింటూ ఎక్కేస్తున్నారు. అలాంటి పిల్లలకు లాజిక్ వెతకొద్దని పెద్దవాళ్ళు చెబితే నాకు కష్టంగా ఉంటుంది. నేను నెలల తరబడి నేర్పేదాన్ని మీరు ఒక్క వాక్యంతో వద్దంటున్నారు.

చూడొచ్చా అని అడిగితే నా జవాబు ఇది. నియమం ముందే చెప్పి, దాని ఇరుకులోంచే ఫైట్లు పుట్టించి, చివరిదాకా మాట మీద నిలబడ్డ సినిమా అయితే సైన్సు తప్పులు ఎన్ని ఉన్నా థియేటర్‌కి వెళ్ళండి. నియమం లేక, ఉన్నా తప్పి, మోత మాత్రమే మిగిలితే ఓటీటీలో వచ్చేదాకా ఆగండి, 1,180 రూపాయలతో వేరే పని చేసుకోవచ్చు. అది ఏ రకం సినిమానో మొదటి రోజే తెలిసేది మీకు. మాకు కాదు.

మొదట పోస్ట్ చేయాలన్న టెన్షన్ మీకు ఉంటుందని తెలుసు. అమెరికా ప్రీమియర్ నడుస్తుండగానే అప్‌డేట్లు పెట్టాల్సి వస్తోంది. శుక్రవారం పొద్దున మీ రేటింగ్ మీరు ఇచ్చుకోండి. కానీ సైన్స్ ఫిక్షన్ యాక్షన్ సినిమా అయితే శనివారం సాయంత్రంలోగా ఇంకో చిన్న సమీక్ష రాయండి. సినిమా పెట్టుకున్న నియమం ఏమిటి, దాన్ని నిలబెట్టుకుందా, గ్రాఫిక్స్‌లో బరువు ఉందా, తెలుగు డబ్బింగ్‌లో కథ అర్థమవుతోందా, ఏ తెర మీద చూడాలి. కథ బయటపెట్టకుండానే ఇవన్నీ రాయొచ్చు. ఆదివారం మ్యాట్నీకి వెళ్ళే కుటుంబాలు దాన్ని చదివి టికెట్ తీసుకుంటాయి. రాసేటప్పుడు ఏదైనా సైన్సు సందేహం వస్తే మీకు దగ్గర్లో ఉన్న ఏ బడిలోనైనా ఫిజికల్ సైన్స్ టీచర్‌ని అడగండి. సినిమా గురించి అడిగితే కాదనేవాళ్ళు మాలో ఎవరూ ఉండరు.

ఇట్లు,
ఒక ఫిజికల్ సైన్స్ టీచర్,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్